గూఢచారికి ఎంట్రీ సాంగ్ ఎందుకు?

ఈ నెల స్టడీ ఆర్టికల్ నా వంతు. ఛందస్సు మీద రాయమని ఎడిటర్ అక్క చెప్పింది కానీ, గురువు లఘువులు నాకు ఇంకా ఒకట్లు సున్నాల్లాగే కనిపిస్తున్నాయి. అందుకని కొంచెం తెలిసిన సబ్జెక్ట్ పట్టుకున్నాను: గూఢచారి సినిమా. నవ్వకండి. ఇందులో కౌటిల్యుడు ఉన్నాడు, వేదం వేంకటరాయ శాస్త్రి గారు ఉన్నారు, చివర్లో సుప్రీంకోర్టు కూడా ఉంది.

2025 అంతా మా హాస్టల్లో స్పై సినిమాల గొడవే. మే 17న మిషన్ ఇంపాజిబుల్ ఎనిమిదో భాగం, జూలై 31న కింగ్‌డమ్, ఆగస్టు 14న వార్ 2, డిసెంబర్ 5న ధురంధర్. మొయినాబాద్ నుంచి సినిమాకి పోవడమంటే మాటలు కాదు. బస్సెక్కి మెహదీపట్నం, అక్కడి నుంచి ఇంకో బస్సు, సెకండ్ షో అయితే తిరుగు ప్రయాణానికి నలుగురం కలిసి క్యాబ్. అంత ఖర్చు పెట్టి చూసొచ్చాక రాత్రి రెండింటి దాకా కొట్లాడకపోతే డబ్బులు వసూలైనట్టు అనిపించదు. ఆ కొట్లాటలు కూడా ప్రతిసారీ ఒకేలా నడుస్తాయి. ఒకడు వీఎఫ్ఎక్స్ బాలేదంటాడు. ఒకడు సెకండాఫ్ లాగ్ అంటాడు. మూడోవాడు "మా హీరోకి ఎలివేషన్ సరిపోలేదు" అంటాడు. ఈ మూడోవాడి మాట దగ్గర నాకు బ్రేక్ పడింది. గూఢచారికి ఎలివేషన్ ఏంటి? ఎవరికంటా పడకుండా ఉండటమే కదా వాడి ఉద్యోగం?

ఈ వ్యాసంలో నేను చెప్పేది ఇదొక్కటే. గూఢచారి కథ నిలబడాలంటే వాడు ఎవరికీ కనబడకూడదు. మన సినిమా నిలబడాలంటే హీరో అందరికీ కనబడాలి. ఈ రెండింటి మధ్య తగువు 1966 నుంచి ఇప్పటిదాకా నడుస్తూనే ఉంది. ఏ స్పై సినిమా చూసినా ఆ తగువు ఎలా తీర్చుకున్నారో చూస్తే చాలు, అది ఎందుకు నచ్చిందో, ఎందుకు నచ్చలేదో సగం తెలిసిపోతుంది.

ముందు మాట సంగతి చూద్దాం, ఇది సాహిత్య క్లబ్ కాబట్టి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి నాకు స్పై అన్న మాట ముందు వచ్చింది, గూఢచారి సినిమా పోస్టర్ మీద పరిచయమైంది. గూఢ అంటే దాగిన, చారి అంటే తిరిగేవాడు. గమనించండి, దాక్కుని కూర్చునేవాడు కాదు, దాగి తిరిగేవాడు. జనంలో ఉంటూనే జనానికి ఆనకూడదు. అచ్చ తెలుగులో దీనికి వేగు అని ఇంకో మాట ఉంది, వేగులవాడు అని కూడా అంటారు. వేగు అంటే తెల్లవారడం అని కూడా అర్థం, వేగుచుక్కలో ఉన్నది అదే. చీకట్లో పనిచేసేవాడికీ తెల్లవారడానికీ ఒకే మాట ఉండటం నాకు భలే నచ్చింది.

కౌటిల్యుడి అర్థశాస్త్రం మొదటి అధికరణంలో గూఢచారుల జాబితా ఉంటుంది. ఒక చోట ఉండి పనిచేసేవాళ్లు ఐదు రకాలు, తిరుగుతూ పనిచేసేవాళ్లు నాలుగు రకాలు. ఒక చోట ఉండేవాళ్లలో మొట్టమొదటివాడు ఎవరో తెలుసా? కాపటికుడు. అంటే ఎదుటివాళ్ల గుట్టు తెలిసిన, మాటకారి అయిన విద్యార్థి! తర్వాత సన్యాసం వదిలేసినవాడు, వ్యవసాయంలో దెబ్బతిన్న రైతు, వ్యాపారం చితికిన వర్తకుడు, జడలు కట్టిన తాపసి. తిరిగేవాళ్లలో విషం పెట్టేవాడు ఉన్నాడు, ప్రాణానికి తెగించినవాడు ఉన్నాడు, భిక్షుకి వేషంలో ఆడమనిషి కూడా ఉంది. ఈ జాబితాని మన రోడ్డు మీద పెట్టి చూడండి. చేవెళ్లలో అప్పులపాలైన రైతు, మొయినాబాద్ చౌరస్తాలో బేరం లేని కిరాణా కొట్టు, మన కాలేజీలో అటెండెన్స్ తక్కువైన స్టూడెంట్. చిలుకూరు గుళ్లో 108 ప్రదక్షిణలు చేస్తున్న మనిషిని ఎవరైనా అనుమానిస్తారా? కౌటిల్యుడి జాబితాలో కండలు తిరిగినవాడు, హెలికాప్టర్ నుంచి దూకేవాడు లేడు. చూసినా గుర్తుండనివాళ్లే అందరూ.

విశాఖదత్తుడి ముద్రారాక్షసం నాటకం ఇదే పద్ధతిలో కదులుతుంది. చాణక్యుడి చారుడు నిపుణకుడు యముడి బొమ్మల పటం పట్టుకుని, పాడుకుంటూ ఇంటింటికీ తిరుగుతాడు. అలా తిరుగుతూ చందనదాసు ఇంట్లో రాక్షసమంత్రి ముద్రికని సంపాదిస్తాడు. ఒక్క ఉంగరం! కథంతా ఆ ఉంగరం మీద తిరుగుతుంది. మన తెలుగులో వేదం వేంకటరాయ శాస్త్రి గారు 1897లో ప్రతాపరుద్రీయం రాశారు. ఢిల్లీ వాళ్లు పట్టుకుపోయిన ఓరుగల్లు రాజుని విడిపించడానికి మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషం వేసుకుని ఢిల్లీ వీధుల్లో తిరుగుతాడు. సుల్తానుని పట్టుకుపోతానని బజార్లో అరుస్తాడు కూడా. పిచ్చోడు కదా, ఎవరూ పట్టించుకోరు. నిజాన్ని అందరి ముందూ అరిచి దాచడం అన్నమాట. క్రిప్టోగ్రఫీ క్లాసులో స్టెగనోగ్రఫీ అని చెబుతారే, మామూలు బొమ్మ లోపల మెసేజ్ దాచడం, యుగంధరుడు చేసింది అదే. జేమ్స్ బాండ్ పుట్టడానికి యాభై ఏళ్లకు పైగా ముందు మన దగ్గర ఇంత మంచి స్పై థ్రిల్లర్ ఉంది. పూర్తిగా సినిమాటిక్.

ఇప్పుడు సినిమా.

1966 ఆగస్టు 11న గూఢచారి 116 వచ్చింది. మల్లికార్జునరావు దర్శకుడు, డూండీ, సుందర్‌లాల్ నహతా నిర్మాతలు, కృష్ణ, జయలలిత జంట. ఓఎస్ఎస్ 117 అనే ఫ్రెంచ్ స్పై సిరీస్ నుంచి స్ఫూర్తి తీసుకున్నారు. అప్పటికి మన దేశంలో రా అనే సంస్థే లేదు, అది 1968 సెప్టెంబర్‌లో ఆర్.ఎన్. కావ్ నాయకత్వంలో మొదలైంది. అంటే విదేశీ గూఢచర్యానికి ప్రత్యేక సంస్థ పెట్టాలని ఢిల్లీకి తోచకముందే మన గూఢచారి డ్యూటీ ఎక్కేశాడు. 1962 చైనా యుద్ధం, 1965 పాకిస్తాన్ యుద్ధం ఇంకా జనం నోట్లో నానుతున్న రోజులు. దేశం లోపలే శత్రువు ఉన్నాడేమో అన్న భయం టికెట్లు అమ్మింది. అమెరికాలో మిషన్ ఇంపాజిబుల్ టీవీ సిరీస్ మొదలైంది కూడా ఆ సెప్టెంబర్‌లోనే, మనవాడి తర్వాత నెలకి.

నాకు ఆ సినిమాలో బాగా నచ్చిన తెలివి మొదట్లోనే ఉంది. ఏజెంట్ 303గా శోభన్ బాబు వస్తాడు, హత్యకి గురవుతాడు. ఆ కేసు తేల్చడానికి 116 వస్తాడు. అంటే ఈ ఉద్యోగంలో చావు ఉందని ముందే చెప్పేశారు. రెండో తెలివి ఇంకా పెద్దది. అప్పటికి కృష్ణ హీరోగా కొత్త. 1965లో తేనె మనసులు, ఆ తర్వాత కన్నె మనసులు, అంతే. తేనె మనసులులో స్కూటర్ చేజింగ్ చూసి డూండీ ఈ అబ్బాయిని పిలిచారని చెబుతారు. మా తాతది చేవెళ్ల దగ్గర పల్లె. ఆయన ఈ సినిమా గురించి ఒకసారి ఫోన్లో అన్న మాట ఏ రివ్యూలోనూ దొరకలేదు నాకు. "రామారావు అయితే సావడని మాకు ఎర్కే. గీ పిలగాడు ఎవరో ఎర్కలేదు. అందుకే సస్తడేమో అని భయమైతుండె" అన్నాడు. నేను ఇంత పెద్ద వ్యాసంలో చెప్పాలనుకుంటున్నది తాత మూడు ముక్కల్లో చెప్పేశాడు. తెలియని మొహమే గూఢచారికి మొదటి ఆయుధం.

అదే కథని మరుసటి ఏడాది హిందీలో ఫర్జ్‌గా తీశారు. దర్శకుడు రవికాంత్ నగాయిచ్, తెలుగు సినిమాకి కెమెరామన్ ఆయనే. దాంతో జితేంద్ర స్టార్ అయిపోయాడు. ఇక్కడ కూడా అంతే, స్టార్‌ని పెట్టి గూఢచారి సినిమా తీయలేదు. గూఢచారి సినిమా తీస్తే స్టార్ పుట్టాడు. మనం తర్వాత ఈ లెక్కని తిరగేసుకున్నాం.

కృష్ణ గారిని ఆంధ్రా జేమ్స్ బాండ్ అన్నారు. 1971లో జేమ్స్ బాండ్ 777, 1978లో ఏజెంట్ గోపి, 1981లో రహస్య గూఢచారి, ఈ మూడూ కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం. 1989లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో గూఢచారి 117, అందులో చిన్న పిల్లాడిగా మహేష్ బాబు కూడా ఉన్నాడు. మధ్యలో 1983లో చిరంజీవితో గూఢచారి నెం.1. ఇరవై మూడేళ్ల పాటు నడిచిన వరస ఇది. కానీ అసలు బాండ్ వరసతో పోల్చితే ఒక తమాషా ఉంది. బాండ్ 1962లో డాక్టర్ నోతో మొదలై 2021 దాకా 25 సినిమాలు వచ్చాడు. వేసినవాళ్లు ఆరుగురు: కానరీ, లేజన్‌బీ, మూర్, డాల్టన్, బ్రాస్నన్, క్రెయిగ్. అక్కడ పాత్ర పర్మనెంట్, నటుడు టెంపరరీ. మన దగ్గర నటుడు పర్మనెంట్, నంబర్ టెంపరరీ. 116, 777, 117 ఏదైనా మనకు కనిపించేది కృష్ణే. ప్రోగ్రామింగ్ భాషలో చెప్పాలంటే అక్కడ బాండ్ క్లాస్, నటులు ఆబ్జెక్టులు. ఇక్కడ కృష్ణ క్లాస్, ఏజెంట్లందరూ ఆబ్జెక్టులు. 1966లో తాతకి కలిగిన భయం 1978 ఏజెంట్ గోపికి కలిగి ఉండదు. హీరో చావడని హాల్లో అందరికీ తెలుసు. అందుకని సినిమా వేరే సరుకు అమ్మాల్సి వచ్చింది: ఫైట్లు, పాటలు, విలన్ డెన్‌లో ఎర్ర లైట్లు. తప్పని అనను, నాకు ఆ డెన్లు ఇష్టం. కానీ గూఢచారి మాత్రం అందులోంచి మెల్లగా జారుకున్నాడు.

బాండ్ దాక్కుంటాడా అని మీరు అడగొచ్చు. అస్సలు దాక్కోడు. ప్రతి బార్లో పేరు చెప్పుకుంటూ తిరిగే సీక్రెట్ ఏజెంట్ ప్రపంచంలో అతనొక్కడే. కానీ అతన్ని పుట్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ రెండో ప్రపంచ యుద్ధంలో నేవీ ఇంటెలిజెన్స్‌లో పనిచేసినవాడు. వీలైనంత చప్పగా, మామూలుగా ఉండే పేరు కావాలని వెతుక్కుని, తన దగ్గరున్న పక్షుల పుస్తకం రాసిన శాస్త్రవేత్త పేరు తీసుకున్నాడు. ఆ శాస్త్రవేత్త పేరు జేమ్స్ బాండ్. మనలో ఒకడు వి. రమేష్ అని పేరు పెట్టినట్టు! సినిమాలు వచ్చి ఆ చప్పటి పేరుని బ్రాండ్ చేశాయి. ఇంకోవైపు జాన్ లె కారే ఉన్నాడు, నిజంగానే బ్రిటిష్ గూఢచారి సంస్థల్లో పనిచేసిన రచయిత. ఆయన జార్జ్ స్మైలీ పొట్టిగా, లావుగా, కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉంటాడు. రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తా అనుకుంటాం. 2011లో గ్యారీ ఓల్డ్‌మన్ వేసిన టింకర్ టైలర్ సోల్జర్ స్పై చూడండి. తుపాకీ పేలే సీన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అయినా గుండె దడదడలాడుతుంది.

మన పాఠకులకి ఇలాంటి రుచి లేదనడానికి వీల్లేదు. మధుబాబు గారి షాడో నవలలు దశాబ్దాల పాటు అద్దె పుస్తకాల షాపుల్లో నలిగి, అట్టలు ఊడి, చివరి పేజీ చిరిగి తిరిగాయి. మా అమ్మ కాలేజీ రోజుల్లో పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టి చదివిందట. అక్కడ కూడా షాడో సూపర్ మ్యానే. కానీ పుస్తకంలో ఒక సౌకర్యం ఉంది: మొహం కనబడదు. పాఠకుడు తనకి నచ్చిన మొహం పెట్టుకుంటాడు. తెర మీద ఆ సౌకర్యం లేదు.

ఇక 2018. ఆగస్టు 3న శశికిరణ్ తిక్క మొదటి సినిమా గూఢచారి వచ్చింది, కథలో అడివి శేష్ చెయ్యి కూడా ఉంది. 116 నంబర్‌ని, గోపి అన్న పేరుని తిరిగి తెచ్చారు, కృష్ణ గారికి దణ్ణం పెట్టినట్టు. ఈ సినిమా నాకు ఎందుకు ముఖ్యమంటే, అసలు పేరు పోగొట్టుకోవడంతో కథ మొదలవుతుంది. నాన్న చనిపోయాక గోపిని వేరే ఊళ్లో, అర్జున్ అనే కొత్త పేరుతో పెంచుతారు. వాడు పెద్దయ్యాక గూఢచారి సంస్థలో చేరడమే విచిత్రం, ఎందుకంటే పిల్లప్పటి నుంచే వాడు దొంగ పేరుతో బతుకుతున్నాడు. ఆ తర్వాత తన సంస్థే తనని వెతుకుతుంది. అంటే సినిమా సగం పైన హీరో పని దాక్కోవడమే. శేష్ అప్పటికి క్షణం లాంటి సినిమాతో తెలిసినవాడే గానీ, హాల్లో కాగితాలు చింపి విసిరే రేంజ్ హీరో కాదు. 1966 లెక్క మళ్లీ పనిచేసింది: జనానికి ముందే తీర్పు తెలియని మొహం, చిన్న బడ్జెట్, అబద్ధం చెప్పినందుకు కట్టాల్సిన ఖరీదు. ముగింపులో తండ్రి విషయంలో ఏమవుతుందో చూడనివాళ్ల కోసం చెప్పను. చూసినవాళ్లకి తెలుసు, అక్కడ బుల్లెట్ కంటే చుట్టరికం ఎక్కువ నొప్పి పెడుతుంది.

అదే ఏడాది మే నెలలో హిందీలో రాజీ వచ్చింది. 1971 ముందు రోజుల్లో పాకిస్తాన్ సైనికాధికారి ఇంటికి కోడలిగా వెళ్లిన కశ్మీరీ అమ్మాయి. ఆలియా భట్ టీ కప్పులు మోస్తూ ఆ ఇంటి గుట్టు మోసేస్తుంది. కొత్త కోడలి కంటే కనబడని మనిషి ఇంట్లో ఎవరుంటారు? కౌటిల్యుడు ఆడ గూఢచారిని జాబితాలో రాసుకున్నాడు. మన తెలుగు వరసలో పైన నేను చెప్పిన సినిమాలన్నిట్లో ఒక్క అమ్మాయి కథని నడపలేదు, హీరోయిన్ అంటే హీరో అనుమానించే విలన్ కూతురో, ల్యాప్‌టాప్ ముందు కూర్చునే కొలీగో. ఇది మన క్లబ్ అమ్మాయిలు రాయాల్సిన వ్యాసం, నేను ఇక్కడితో ఆపుతాను.

2023లో మూడు వచ్చాయి, త్వరగా చెప్పేస్తాను. ఏప్రిల్ 28న ఏజెంట్. అఖిల్ ఏళ్ల తరబడి బాడీ పెంచాడు, పోస్టర్ల నిండా ఆ బాడీయే. కష్టాన్ని తక్కువ చేయను, కానీ ఆ బాడీతో రోడ్డు దాటితే ఆటోవాళ్లు కూడా తిరిగి చూస్తారు, శత్రుదేశం వాళ్లు చూడరా? బౌండ్ స్క్రిప్ట్ లేకుండా షూటింగ్‌కి వెళ్లామని నిర్మాతే తర్వాత ట్విట్టర్‌లో ఒప్పుకున్నారు, అది నిజాయితీ. జూన్ 29న నిఖిల్ స్పై. టైటిల్‌లోనే స్పై అని రాసుకున్నాక ఇంక దాచేది ఏముంటుంది అనిపించింది. డిసెంబర్ 29న కళ్యాణ్ రామ్ డెవిల్. బ్రిటిష్ వాళ్ల కాలం, 1945. ఈ మూడింటిలో ఐడియా దీనిదే మంచిది. తెల్లవాడి జీతం తీసుకునే మనవాడు ఎటువైపు అన్న అనుమానం చాలు రెండు గంటలకి. ఆ అనుమానం పండాల్సిన చోటల్లా ఫైట్ వచ్చి పడింది.

2025 సినిమాల్లో నాకు కింగ్‌డమ్ ఫస్టాఫ్ ఇష్టం. సూరి మామూలు కానిస్టేబుల్. తప్పిపోయిన అన్న కోసం శ్రీలంక వెళ్లి, అన్న ఉన్న ముఠాలోనే గూఢచారిగా చేరాలి. అన్నని కలవడమూ, అన్నని మోసం చేయడమూ ఒకే పని అయిపోయింది. ఇది నిజమైన గూఢచారి సమస్య. సత్యదేవ్ తమ్ముడి వైపు చూసినప్పుడల్లా మనకి తెలిసింది ఆయనకి తెలియదన్న బరువు ఉంటుంది. సెకండాఫ్‌లో సూరిని రాజుని చేయాలన్న తొందర వచ్చింది. టైటిల్ చూస్తే తెలుస్తుంది, కానిస్టేబుల్ అని పెట్టి ఉంటే దర్శకుడు ఆ దారి పట్టేవాడు కాదేమో.

వార్ 2 గురించి రాస్తే హాస్టల్లో నాకు భోజనం దొరకదు, అయినా రాస్తున్నాను. ఎన్టీఆర్ ఫ్యాన్స్ తమ్ముళ్లూ, మన్నించండి. తెలుగు హీరో యశ్‌రాజ్ స్పై యూనివర్స్‌లోకి వెళ్లడం పండగే. కానీ ఇద్దరు పెద్ద హీరోలు అంటే ఇద్దరికీ సమానంగా ఎంట్రీ, సమానంగా డాన్స్, సమానంగా దెబ్బలు. తూకం వేసినట్టు కట్ చేశారు. ఇద్దరు రహస్య ఏజెంట్లు ఒకే పాటలో పోటీ పడి స్టెప్పులు వేస్తుంటే, ఇక రహస్యం ఎక్కడ ఉంది? టామ్ క్రూజ్ కూడా దాక్కోడు, నిజమే, 1996 నుంచి 29 ఏళ్లు ఒకడే నటుడు ఒకటే పాత్ర వేశాడు. అయితే ఆ సిరీస్ తెలివిగా ఒక వస్తువు పెట్టుకుంది: మాస్క్. ఎవరి మొహం వెనక ఎవరున్నారో చెప్పలేని భయాన్ని ఆ రబ్బరు తొడుగు ఎనిమిది సినిమాలు మోసింది. మన పగటివేషగాళ్లు రంగులతో చేసిన పనే అది. కార్తి సర్దార్ 2022లో తెలుగులో కూడా వచ్చింది, చూడకపోతే చూడండి. అందులో పెద్ద కార్తి వీధి నాటకాల కళాకారుడు, ఆ వేషాల విద్యే అతన్ని గూఢచారిని చేస్తుంది. దేశద్రోహి అన్న ముద్ర కూడా మోస్తాడు. మన పగటివేషాల మీద ఇలాంటి కథ తెలుగులో ఎవరూ ఎందుకు రాయలేదో అని కుళ్లుకున్నాను.

ధురంధర్ మూడున్నర గంటలు. రాజకీయంగా దాని గొంతు నాకు పెద్దదిగానే అనిపించింది. కానీ ఒక్క విషయంలో వాళ్లకి మార్కులు వేయాలి. రణ్‌వీర్ సింగ్ చాలాసేపు పక్కన నిలబడి ఉంటాడు. కరాచీ ల్యారీలో గ్యాంగ్ లీడర్ వెనక, మాట్లాడకుండా, జుట్టు మొహం మీద వేసుకుని. కెమెరా అక్షయ్ ఖన్నా మీద ఉంటుంది. సినిమా రిలీజయ్యాక రీల్స్ నిండా అక్షయ్ ఖన్నా డాన్సే, హీరోది కాదు. ఫ్యాన్స్‌కి అది లోటుగా కనిపించిందేమో, గూఢచారికి మాత్రం అది ఫస్ట్ క్లాస్ మార్కులు.

ఇప్పుడు మన బ్రాంచ్ వాళ్లు కాస్త దగ్గరికి రండి. హీరోని దాచలేని సినిమాలు ఒక షార్ట్‌కట్ కనిపెట్టాయి: దాక్కోవడం మానేసి, వినడం. పెద్ద స్క్రీన్, ఆకుపచ్చ అక్షరాలు, పరిగెత్తే ప్రోగ్రెస్ బార్, పది సెకన్లలో ఎవరి ఫోనైనా హ్యాక్. ఇందులో బాగా ఆలోచించి తీసినది మహేష్ బాబు స్పైడర్. 2017 సెప్టెంబర్ 27. హీరో శివ ఇంటెలిజెన్స్ బ్యూరోలో కాల్స్ వినే ఉద్యోగి. ఎవరైనా ఫోన్లో భయపడుతూ, ఏడుస్తూ సాయం అడిగితే తనకి అలర్ట్ వచ్చేలా సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసుకుంటాడు. ప్రమాదం జరగకముందే వెళ్లి ఆపుతాడు. ఒక చోట అలర్ట్ వస్తే తను వెళ్లకుండా స్నేహితురాలిని పంపుతాడు, ఆమె చనిపోతుంది. ఆ అపరాధ భావమే కథ. ఎస్.జె. సూర్య విలన్ గురించి చెప్పక్కర్లేదు, నాకు ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే లైట్ వేసుకుంటాను.

కానీ ఒకటి గమనించండి. శివ బాధపడేది కాపాడలేకపోయినందుకు. విన్నందుకు కాదు. హీరోయిన్ ఫోన్ మాటలు విని ఆమెకి దగ్గరవడాన్ని సినిమా కామెడీగా చూపిస్తుంది, మనం నవ్వుతాం. నేనూ నవ్వాను. ఈ సినిమా రావడానికి నెల రోజుల ముందు, 2017 ఆగస్టు 24న, సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు పుట్టస్వామి కేసులో ఒకే మాట చెప్పారు: వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు. అంతకు చాలా ముందు, 1996లోనే, పీయూసీఎల్ కేసులో ఫోన్ ట్యాపింగ్‌కి కోర్టు రూల్స్ పెట్టింది. హోం సెక్రటరీ స్థాయిలో రాతపూర్వకంగా ఆర్డర్ ఉండాలి, అది రెండు నెలలే పనిచేస్తుంది, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదు, ఆ ఆర్డర్లు సరైనవో కాదో ఒక కమిటీ చూడాలి. శివ రాసిన ప్రోగ్రామ్‌కి వీటిలో ఒక్కటీ లేదు. మంచివాడు కాబట్టి సరిపోయింది. అదే ప్రోగ్రామ్ అదే ఆఫీసులో పక్క సీటువాడి చేతిలో ఉంటే? కోడ్‌కి హీరో ఎవరో విలన్ ఎవరో తెలియదు కదా. మన రాష్ట్రంలోనే ఫోన్ ట్యాపింగ్ ఆరోపణల మీద 2024 మార్చిలో కేసు నమోదైంది. ఎవరిది తప్పో కోర్టు చెబుతుంది. నాకు తగిలింది వేరే సంగతి. ఆ వార్త వచ్చిన రోజు కాలేజీ బస్సులో "అమ్మో, మన ఫోన్లు కూడా విన్నారా" అని భయపడ్డవాళ్లమే, తెర మీద అదే పని హీరో చేస్తే విజిల్ వేశాం.

కనబడని గూఢచర్యం ఎలా ఉంటుందో చూడటానికి కరాచీ దాకా పోనక్కర్లేదు. 2022 అక్టోబర్ 26న మన మొయినాబాద్ పక్కనే, అజీజ్‌నగర్ దగ్గర ఫాంహౌస్ పేరు దేశమంతా మోగింది, ఎమ్మెల్యేల కొనుగోలు కేసు. అందులోని రాజకీయం మన క్లబ్‌కి అనవసరం. ఆ హాల్లో ముందే రహస్య కెమెరాలు, వాయిస్ రికార్డర్లు పెట్టామని పోలీసులు చెప్పారు. గదిలో సోఫాలు, టీపాయ్, మాట్లాడుకుంటున్న మనుషులు. చప్పుడు లేదు, బీజీఎం లేదు. చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్ల కింద షూటింగ్ వ్యాన్లు కనిపిస్తే మనం బస్సు కిటికీలోంచి వేలాడి చూస్తాం. ఈ ఫాంహౌస్ ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లామో లెక్కే లేదు, ఒక్కసారి కూడా తల తిప్పలేదు. స్పైవేర్ కూడా ఇంతే. మంచి స్పైవేర్ ఎంట్రీ సాంగ్‌తో రాదు. ఫోన్ కాస్త వేడెక్కుతుంది, బ్యాటరీ కాస్త ముందే అయిపోతుంది, అంతే.

మీకో చిన్న ఎక్సర్‌సైజ్. ఈసారి స్పై సినిమాకి వెళ్లినప్పుడు మూడు సంగతులు ఫోన్ నోట్స్‌లో రాసుకోండి, ఇంటర్వెల్‌లో రాసినా చాలు. హీరో మొదటిసారి ఒక అపరిచితుడికి అబద్ధం చెప్పింది ఎన్నో నిమిషంలో? ఆ అబద్ధం వల్ల ఎవరు నష్టపోయారు? అతను ఎవరి ఫోనైనా వింటే, వినమని ఎవరు చెప్పారు? గూఢచారి 116 నుంచి ధురంధర్ దాకా నేను ఇలాగే చూశాను. మొదటి ప్రశ్నకి చాలా సినిమాల్లో జవాబే దొరకలేదు, ఎందుకంటే వాళ్లు అబద్ధం ఆడకముందే తుపాకీ తీస్తారు. మీ నోట్స్ క్లబ్ గ్రూపులో పెట్టండి, ముఖ్యంగా నాతో ఒప్పుకోనివాళ్లు.

నేను మాత్రం జీ2 కోసం చూస్తున్నాను, 2018 గూఢచారికి కొనసాగింపు. ఈసారి బడ్జెట్ పెద్దది, అన్ని భాషల్లో వస్తుందంటున్నారు, దర్శకుడు వినయ్ కుమార్. నాకున్న అనుమానం బడ్జెట్ గురించి కాదు. 2018లో శేష్ జనంలో కలిసిపోగలిగాడు. ఆ తర్వాత మేజర్, హిట్ 2 వచ్చాయి. ఇప్పుడు అతను తెర మీదకి రాగానే హాల్లో అరుపులు వస్తాయి. 116 మళ్లీ జనం మధ్య నుంచి నడిచి వెళ్లాలి, మనం అరుస్తుంటే వాడు ఎలా దాక్కుంటాడు?